బండికి పికప్ ఎందుకు పోయింది?

చిన్నీ, బాబూ,

మొన్న ఫోన్లో మీ ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. మన ఊరి కంకర రోడ్డులో మిట్ట ఎక్కుతుంటే నాన్న ఎక్స్‌లేటర్ ఎంత తొక్కినా ఇంజన్ ఎందుకు నీరసపడిపోయింది, మీటర్ దగ్గర పసుప్పచ్చ లైటు ఎందుకు మిణుకుమిణుకుమంది అని. బండి పాడైందేమోనని నాన్న టెన్షన్ పడ్డాడట. ఏమీ పాడవలేదు.

ఆ లైటు ట్రాక్షన్ కంట్రోల్‌ది, అంటే చక్రాలు జారి ఊరికే తిరగకుండా చూసే ఏర్పాటుది. కారు బొమ్మ కింద రెండు వంకర గీతలుంటాయి, అదే. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ళ రింగు, దానికి ఎదురుగా ఒక చిన్న సెన్సర్ ఉంటాయి. పన్ను ఎదుటికి వచ్చినప్పుడల్లా సెన్సర్ ఒక సిగ్నల్ పంపుతుంది. మీరే లెక్క వేసుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు దాదాపు 2 మీటర్లు పోతుంది. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు, అంటే 5 చుట్లు. రింగుకు 48 పళ్ళుంటే, ఒక్క చక్రం నుంచే సెకనుకు 240 సిగ్నళ్ళు!

కంప్యూటర్ ఈ నాలుగు లెక్కల్నీ పోల్చి చూస్తూ ఉంటుంది. మీ బండికి ఇంజన్ తిప్పేది ముందు చక్రాల్నే. అవి వెనక వాటికంటే బాగా ఎక్కువ తిరుగుతున్నాయంటే జారుతున్నట్టే లెక్క. వెంటనే ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, లేదా ఇంజన్ పవర్ తగ్గిస్తుంది. ఇప్పటి బండ్లలో ఎక్స్‌లేటర్ నుంచి ఇంజన్‌కు కేబుల్ లేదు. నాన్న కాలు అడుగుతుంది, ఇవ్వాలా వద్దా అనేది కంప్యూటర్ ఇష్టం.

ఈ సెన్సర్లు మొదట బ్రేకుల కోసం వచ్చినవి. 1978లో జర్మనీలో బాష్, మెర్సిడెస్ కంపెనీలు కలిసి ఏబీఎస్ తెచ్చాయి, అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ తర్వాత దాని మీద కట్టిందే. మంచు మీద, వాన పడ్డ తారు రోడ్డు మీద ఇది ప్రాణం కాపాడుతుంది. ముందు చక్రం ఊరికే గిర్రున తిరిగితే పక్కకు ఉండాల్సిన పట్టు కూడా పోయి, మలుపులో బండి మన మాట వినదు.

మన మిట్ట సంగతి వేరు. రాయి తగిలి చక్రం ఎగురుతుంది. గాల్లో దాని మీద బండి బరువు ఉండదు కాబట్టి ఒక్కసారిగా జోరందుకుంటుంది. కంప్యూటర్‌కు కళ్ళు లేవు, పళ్ళ లెక్కే తెలుసు. జారిందనుకుని పవర్ కోసేస్తుంది. చక్రం నేల తాకేసరికి ఊపు పోయి ఉంటుంది, ఇంతలో ఇంకో రాయి. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికవుతాయి.

నల్లరేగడి బురదలో మరీ కష్టం. టైరు గాడుల్లో మట్టి కూరుకుపోయి నున్నగా అయిపోతుంది. ఆ మట్టి ఎగిరిపోవాలంటే చక్రం కాస్త జారుతూ తిరగాలి. ట్రాక్షన్ కంట్రోల్ అలా తిరగనివ్వదు. దమ్ము చేసే ట్రాక్టర్‌కు ఇనుప కేజ్‌వీల్స్ కట్టేది కూడా ఆ బురదలో రబ్బరు టైరుకు పట్టు చాలకే.

అందుకే బురదలో, ఇసుకలో, గతుకుల మిట్టల మీద ట్రాక్షన్ కంట్రోల్‌ను కాసేపు ఆపేయడం మేలు. ఆపాక మాత్రం ఎక్స్‌లేటర్ అదిమి తొక్కకూడదు, చక్రాలు గొయ్యి తవ్వుకుని బండి పొట్ట నేలకు ఆనుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం దాన్ని ఆపొద్దంటాను. ఒక చక్రం గుంతలో వేలాడుతుంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) వల్ల ఆ చక్రమే ఊరికే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తిరిగే చక్రానికి బ్రేకు వేసి, రెండో దానికి బలం పంపుతుంది.

తారు రోడ్డెక్కగానే మళ్ళీ ఆన్ చేయమని నాన్నకు గుర్తుచేయండి. బటన్ కనబడకపోతే స్క్రీన్ మెనూలో వెతకండి. కొన్ని బండ్లలో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఆపకుండానే ఆ లైటు, ఏబీఎస్ లైటు రెండూ వెలిగే ఉంటే, ముందుగా సెన్సర్ల దగ్గర బురద కడిగి చూడమనండి. అప్పటికీ ఆరకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే.

మీ తాతయ్య