మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) డాక్టర్ ట్రైనింగ్ గురించి నేను తరచూ వినే అపోహలు, నా ఓపీలో చూసిన వాస్తవాలు

నరాల డాక్టరు కావడానికి చదివే డీఎం న్యూరాలజీ అయిపోవస్తుండగా, న్యూరోఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక వ్యవస్థ మన నరాల మీదే దాడిచేసే ఎంఎస్ లాంటి జబ్బుల్లో, ఇంకో ఏడాది ఫెలోషిప్ చేస్తానని ఇంట్లో చెప్పాను. మా నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ 5½ ఏళ్ళు, ఎండీ 3, డీఎం 3. "ఇన్నేళ్ళు చదివి నరాల డాక్టరువి అయ్యావు కదమ్మా, ఇంకా నేర్చుకోవడానికి ఏం మిగిలింది?" అన్నారు. ఇప్పుడదే మాట డీఎం చేస్తున్న జూనియర్లు అడుగుతున్నారు, పేషెంట్ల ఇంటివాళ్ళూ అడుగుతున్నారు.

అపోహ: న్యూరాలజిస్ట్ అయితే మల్టిపుల్ స్క్లెరోసిస్ చూడటం వచ్చేసినట్టే.

వాస్తవం: అనుమానించడం వస్తుంది. ఎటాక్ వస్తే రోజుకు 1 గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించడం వస్తుంది. డీఎంలో మన రోజంతా పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి, మెదడువాపు కేసులతోనే గడిచిపోతుంది. ఎంఎస్ పేషెంట్ వార్డులో చేరతారు, స్టెరాయిడ్‌తో కోలుకుంటారు, డిశ్చార్జ్ అవుతారు. ఆ తర్వాతి ఇరవై, ముప్పై ఏళ్ళు ఎలా ఉంటాయో మనం చూడం. ఫెలోషిప్‌లో చూసేది ఆ ఏళ్ళనే.

అపోహ: ఎంఆర్ఐ తీస్తే తేలిపోతుంది, డాక్టర్ చేసేదేముంది?

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ స్కాన్‌లో తెల్ల మచ్చగా కనిపిస్తుంది. కానీ తెల్ల మచ్చలు మైగ్రేన్‌లో వస్తాయి, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు వయసుతో పాటు వస్తాయి, టీబీలో వస్తాయి. బి12 తగ్గినా వెన్నుపాములో కనిపిస్తాయి. మచ్చ ఉందా లేదా అన్నది రేడియాలజిస్ట్ చెప్తారు. అది ఎక్కడుంది, ఎంత పొడవుంది, పేషెంట్ చెప్పే కథతో కలుస్తోందా అన్నది మేం చూసుకోవాలి. మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు 2001లో వచ్చాయి, అప్పటి నుంచి పలుమార్లు మారాయి. ముఖ్యంగా లక్షణాలు ఎంఎస్‌కు తగినట్టు ఉన్నవాళ్ళలో నిర్ధారణ కోసం రాసినవి అవి. ఊరికే తలనొప్పికి తీసిన స్కాన్ మీద వాటిని వాడితే తప్పు జరుగుతుంది.

ఫెలోషిప్ మొదటి నెలలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఇరవైల్లో ఉన్న అమ్మాయి, కాళ్ళు రెండూ పట్టు తప్పి వచ్చింది. అంతకుముందు వేరేచోట ఎంఎస్ అని రాసి ఇంటర్‌ఫెరాన్ అనే ఎంఎస్ మందు మొదలుపెట్టారు. వెన్నుపాములో మూడు వెన్నుపూసల కంటే పొడవైన మచ్చ ఉంది. నేనది చూశాను, చూసి కూడా పాత ఫైల్‌లో ఉన్న పేరునే నమ్మాను. కేసు చెప్పడం పూర్తయ్యాక మా ప్రొఫెసర్ ఒక్కటే అడిగారు: "వెక్కిళ్ళ గురించి అడిగావా?"

అడగలేదు. వెనక్కి వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ చెప్పింది. రెండేళ్ళ కిందట పది రోజులు ఆగకుండా వెక్కిళ్ళు, వాంతులు. గ్యాస్ అన్నారు, ఎండోస్కోపీ చేశారు, ఏమీ దొరకలేదు, దానంతటదే తగ్గిపోయింది. మెదడు కింది భాగంలో వాంతిని అదుపుచేసే చోటు ఒకటుంది. అక్కడ వాపు వస్తే ఇలాగే అవుతుంది. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఆమెది ఎంఎస్ కాదు, న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే, కంటి నరాన్నీ వెన్నుపామునూ ఎక్కువగా దెబ్బతీసే వేరే జబ్బు. ఇంటర్‌ఫెరాన్, నటలిజుమాబ్, ఫింగోలిమోడ్ లాంటి ఎంఎస్ మందులు ఈ జబ్బును ఇంకా పెంచగలవు. 2004లో ఈ యాంటీబాడీని కనుక్కునేదాకా ప్రపంచంలో చాలామంది దీన్ని ఎంఎస్‌లోనే ఒక రకం అనుకునేవారు. ఇప్పుడు రక్తపరీక్ష ఉంది. అయినా దాన్ని రాయాలన్న ఆలోచన డాక్టరుకు రావాలి కదా.

స్కాన్‌లాగే యాంటీబాడీ రిపోర్టు కూడా ఒక్కటే సరిపోదు. ఏ పద్ధతిలో చేశారో చూడకుండా నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాను. సెల్ బేస్డ్ పరీక్ష మీద ఉన్నంత నమ్మకం ఎలైసా అనే ఇంకో పద్ధతి మీద ఉండదు. ఎంఎస్‌ను పోలిన ఇంకో జబ్బులో కనిపించే మాగ్ (MOG) యాంటీబాడీ కొద్ది మోతాదులో పాజిటివ్ వస్తే, లక్షణాలు సరిపోనప్పుడు అది తప్పుడు పాజిటివ్ కావచ్చు.

అపోహ: నడుములోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయి, అందుకే మంచి డాక్టర్లు ఆ పరీక్ష రాయరు.

వాస్తవం: సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది. ఆ నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (యాంటీబాడీల గుర్తులు) దొరికితే ఎంఎస్ నిర్ధారణకు పెద్ద సాయం. టీబీ లాంటివి ఉంటే వాటి జాడ కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అపోహ: ఎంఎస్ తెల్లవాళ్ళ జబ్బు. అది నేర్చుకోవాలంటే అమెరికానో లండనో వెళ్ళాల్సిందే.

వాస్తవం: ఉత్తర ఐరోపాతో పోలిస్తే మన దగ్గర తక్కువే, కానీ లేదనడం తప్పు. ఎంఎస్ ఉన్నవాళ్ళు ప్రపంచంలో 28 లక్షల మంది అని 2020 లెక్క. మన దగ్గర చాలామంది "నరాల బలహీనత" అన్న పేరుతో టానిక్కులు తాగుతూ ఏళ్ళు పోగొట్టుకున్నాకే మా దగ్గరికి వస్తారు. విదేశాల్లో చేస్తే పెద్ద ఎంఎస్ సెంటర్లు, ట్రయల్స్ దగ్గరగా చూడొచ్చు, అది నిజంగా ఉపయోగం. కానీ తిరిగొచ్చాక ఇక్కడ స్కాన్‌లో మచ్చ చూడగానే మొదటి ప్రశ్న మళ్ళీ "ఇది టీబీయా?" అనే. మందుల దారి కూడా వేరు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్ బయోసిమిలర్ (అసలు మందుకు దగ్గరగా ఉండేలా తయారుచేసిన మందు) తెచ్చింది. అది ఎంఎస్ కోసం అనుమతి పొందిన మందు కాదు, అయినా ఖరీదైనవి కొనలేనివాళ్ళకు మన దేశంలో చాలామంది న్యూరాలజిస్టులు రిటుక్సిమాబ్ వాడుతున్నారు. దాన్ని ఎవరికి, ఎంత విరామంతో, ఏ జాగ్రత్తలతో ఇవ్వాలన్నది ఇక్కడి ఓపీలోనే నేర్చుకున్నాను.

అపోహ: ఈ ట్రైనింగ్ అంటే కొత్త మందుల పేర్లు నేర్చుకోవడం.

వాస్తవం: మందు పేరు చదివితే వస్తుంది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి చూశామా, లోపల నిద్రపోతున్న టీబీ ఉందా, టీకాలు ముందే వేయించామా అన్నవి అలవాటుగా మారడానికి టైమ్ పడుతుంది. నటలిజుమాబ్ 2004 చివర్లో అమెరికాలో అనుమతి పొంది, మెదడులో పీఎంఎల్ అనే ఇన్ఫెక్షన్ కేసులు బయటపడటంతో 2005లోనే ఆగిపోయింది. 2006లో గట్టి నిఘాతో తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ పీఎంఎల్‌ను తెచ్చే జేసీ వైరస్ యాంటీబాడీ చూడకుండా ఎవరూ ఇవ్వరు.

మందులతో సంబంధం లేనివి ఇంకా ఎక్కువ. మే నెల మధ్యాహ్నం ఫోన్ వస్తుంది: "మేడమ్, మళ్ళీ చూపు మసకబారింది, ఎటాక్ వచ్చినట్టుంది." ఎండలో తిరిగొచ్చారా, జ్వరం ఉందా, మూత్రంలో మంట ఉందా అని ముందు అడగాలి. ఒంట్లో వేడి పెరిగితే పాత లక్షణాలు కాసేపు పైకి వస్తాయి, చల్లబడితే తగ్గుతాయి. కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తేనే, అదీ జ్వరం, ఇన్ఫెక్షన్ లేకపోతేనే ఎటాక్ అంటాం. ఈ తేడా తెలియక అనవసరంగా స్టెరాయిడ్లు ఎక్కించుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

మూత్రం ఆపుకోలేకపోతున్న సంగతి మన ఆడవాళ్ళు అత్తగారి ముందు చెప్పరు. రెండు నిమిషాలు అందరినీ బయట కూర్చోమని అడగడం నాకు మా సీనియర్ నేర్పింది. అలా అడిగాకే పిల్లల గురించి, పెళ్ళి గురించి నోరు విప్పుతారు. ఎంఎస్ ఉన్నా గర్భం దాల్చవచ్చు. చివరి మూడు నెలల్లో ఎటాక్‌లు తగ్గుతాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతాయి. మందు ఎప్పుడు ఆపాలో ముందే కూర్చుని అనుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ పేరు ఉందని కూడా చాలా కుటుంబాలకు మేం చెప్పేదాకా తెలియదు.

ఫెలోషిప్ ఎక్కడ చేయాలని అడిగే జూనియర్లకు నేను చెప్పేది: సర్టిఫికెట్ మీద ఏ పేరుందో తర్వాత చూడండి, ముందు ఒక రోజు ఆ ఓపీలో కూర్చోండి. పాత పేషెంట్లు ఎన్నేళ్ళుగా వస్తున్నారో ఫైళ్ళలో చూడండి. రేడియాలజిస్ట్‌తో కూర్చుని స్కాన్లు చూసే మీటింగ్ ఉందా, కంటి నరం చూసే డాక్టరు, యూరాలజిస్ట్ దగ్గర్లో ఉన్నారా కనుక్కోండి. ఇంకొకటి. ఎంఎస్‌లో వైకల్యం ఎంతుందో కొలిచే ఈడీఎస్ఎస్ స్కోరులో 4 నుంచి పైకి వెళ్ళేకొద్దీ నడక దూరమే లెక్క: సాయం లేకుండా 500 మీటర్లా, 300లా, 100లా. "ఎంత దూరం నడుస్తారు?" అని అడిగి రాసుకుంటున్నారా, లేక పేషెంట్‌తో పాటు కారిడార్‌లోకి వెళ్ళి నడిపించి చూస్తున్నారా గమనించండి. నడిపించి చూసేచోట చేరండి.