రబ్బరుతో రుద్దినందుకు మూడు వందలా? కంప్యూటర్ రిపేరు రేట్లపై అపోహలు, వాస్తవాలు

కిందటి వారం ఒక పెద్దాయన నా కౌంటరు మీద మూడు వంద నోట్లు పెట్టి, వాటి మీద నుంచి చెయ్యి తీయకుండా అడిగారు: "రబ్బరుతో రుద్దినందుకు మూడు వందలా బాబూ?"

ఆయన తప్పేమీ లేదు. ఆయన కంటికి కనిపించింది అంతే. కూతురి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఆ అమ్మాయి బీటెక్ ఆఖరి ఏడాది, రెండు రోజుల్లో ప్రాజెక్టు ఇవ్వాలి. నేను ర్యామ్, అంటే మెమరీ చిప్పులు ఉండే చిన్న పలక, బయటికి తీసి, బడిపిల్లల తెల్ల రబ్బరుతో దాని బంగారు రంగు పిన్నులు మురికి పోయేలా రుద్ది, మళ్లీ బిగించాను. తెర వెలిగింది. అంతకు ముందు ముప్పావు గంట ఆయన టీ తాగడానికి వెళ్లారు. ఆ ముప్పావు గంటలో బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను, ఛార్జర్ వోల్టేజీ మల్టీమీటరుతో చూశాను, బయటి మానిటర్ తగిలించి తెర తప్పు కాదని తేల్చుకున్నాను, రెండు ర్యామ్‌లనూ ఒక్కొక్కటిగా రెండు స్లాట్లలోనూ మార్చి చూశాను. రుద్దిన తర్వాత మెమరీ టెస్టు పెట్టి రెండు గంటలు వదిలేశాను. ఎందుకంటే ఒకసారి వెలిగిన తెర ప్రాజెక్టు ఇచ్చే రోజు మళ్లీ నల్లబడితే ఆ అమ్మాయికి ముఖం చూపించలేను.

ఇదే ల్యాప్‌టాప్‌ను అంతకు ముందు రోజు ఇంకో చోట చూపించారట. అక్కడ చెకింగ్ ఉచితం. "మదర్‌బోర్డు (అన్ని పార్టులూ తగిలే ప్రధాన బోర్డు) పోయింది, 8,500 అవుతుంది" అన్నారట. ఈ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

అపోహ: చెకింగ్ ఉచితం అని బోర్డు పెడితేనే గిరాకీ వస్తుంది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు ఫోను చేసి "అన్నా, రేట్లు ఎలా పెట్టాలి?" అని అడిగిన ప్రతిసారీ నేను ముందు ఈ బోర్డు సంగతే అడుగుతాను. ఖమ్మంలో షాపు తెరిచిన కొత్తలో నేనూ ఆ బోర్డు పెట్టినవాడినే, అదీ ఎర్ర అక్షరాలతో. గిరాకీ వచ్చిన మాట నిజం. పొద్దుటి నుంచి రాత్రి దాకా విప్పడం, చూడటం, బిగించడం. సగం మంది "ఇంట్లో అడిగి చెబుతాం" అని వెళ్లిపోయేవారు. నేను కనిపెట్టిన లోపాన్ని పక్క వీధిలో చెప్పి, అక్కడ వంద తక్కువకు చేయించుకునేవారు కూడా ఉన్నారు. కోపం వచ్చేది. కానీ అసలు ప్రమాదం అది కాదు.

ఒక మధ్యాహ్నం ఒక ల్యాప్‌టాప్ మీద గంటన్నర కూర్చున్నాను. చివరికి తేలింది ఏమిటంటే ఛార్జర్ పిన్ను వంగింది, అంతే. పటకారుతో సరిచేస్తే అయిపోయింది. దానికి ఎంత అడగాలి? చెకింగ్ ఉచితం అని నేనే రాసుకున్నాను. "ఛార్జింగ్ పోర్టు మార్చాను, 900" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు, కానీ వచ్చింది. ఆ రాత్రే బోర్డు దించేశాను. చూసినందుకు డబ్బు రాదు, పార్టు మారిస్తేనే వస్తుంది అన్న ఏర్పాటులో కూర్చున్న మెకానిక్‌కు ప్రతి కంప్యూటర్‌లోనూ ఏదో ఒక పార్టు పోయినట్టే కనిపిస్తుంది. అందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. ఆ బోర్డే మనిషిని అటు నెడుతుంది. ఉచిత చెకింగ్‌కు అయిన డబ్బు అవసరం లేని మదర్‌బోర్డు బిల్లులో కలిసి వసూలవుతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. స్క్రూ విప్పకముందే చెబుతాను: చూసి లోపం తేల్చడానికి 300. నా దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాను. వద్దంటే లోపం ఏమిటో చీటీ మీద రాసిస్తాను, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. లోపం కనిపెట్టలేకపోతే పైసా తీసుకోను. ముందే చెప్పడం ముఖ్యం. పని అయ్యాక చెప్పే 300, ముందు చెప్పిన 300 కంటే చాలా పెద్దది.

ఆ 300 గాలిలోంచి రాలేదు. నా షాపు అద్దె 9,000. కరెంటు, ఇంటర్నెట్ కలిపి 3,000. సహాయకుడి జీతం 12,000. పనిముట్లకు, గ్యారంటీలో తిరిగి వచ్చిన పనులకు నెలకు 3,000 వేసుకున్నాను. మొత్తం 27,000. నా ఇల్లు గడవడానికి 25,000 కావాలి. అన్నీ కలిపి 52,000. నెలకు పాతిక పనిదినాలు, కానీ రోజులో డబ్బు వచ్చే పని నాలుగు గంటలకు మించదు. మిగతాదంతా ఫోన్లు, బేరాలు, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ పార్టుల మార్కెట్ సీటీసీ నుంచి రావలసిన పార్సిల్ కోసం కార్గో కౌంటరు దగ్గర నిలబడటం. అంటే వంద గంటలు. గంటకు 520. ఆ లెక్కన ముప్పావు గంటకే 390 అవుతుంది, నేను అడిగేది 300. చాలామంది ఈ లెక్కలో సొంత జీతం వేసుకోరు. మిగిలిందే నాది అనుకుంటారు. నెలాఖరుకు ఏమీ మిగలదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. కొన్ని కొత్త మెకానిక్‌లవి, కొన్ని షాపుకు వచ్చేవారివి.

"పక్క షాపు కంటే వంద తగ్గిస్తే చాలు." ఆయన షాపు సొంత గది కావచ్చు, అద్దె ఉండకపోవచ్చు. ఆయన రేటు ఆయన ఖర్చుకు సరిపోయింది, మీ ఖర్చుకు కాదు.

"ఆన్‌లైన్‌లో ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే పార్టు) తక్కువకే ఉంది, మీరు దోచుకుంటున్నారు." తెచ్చుకోండి, బిగిస్తాను. బిగించే ఛార్జీ మాత్రం నా దగ్గర కొన్నదానికంటే ఎక్కువ. పైగా పార్టు పోతే ఆ గ్యారంటీ కోసం తిరగవలసింది మీరే.

"ఎంఆర్‌పీ కంటే తక్కువకు ఇస్తే అది నకిలీ." కాదు. ఎంఆర్‌పీ అంటే గరిష్ఠ ధర. దానికి మించి అమ్మకూడదు, తక్కువకు అమ్మితే తప్పు లేదు.

"జీఎస్టీ నంబరు లేకపోతే పన్నుతో మనకు పని లేదు." ఈ మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. సొంత రాష్ట్రంలోనే వ్యాపారం చేసే మన వంటి రిపేరు షాపులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందులో సర్వీస్ ఛార్జీయే కాదు, పార్టుల అమ్మకమూ కలుస్తుంది. నంబరు లేకుండా బిల్లు మీద 18 శాతం వేయడం చట్టవిరుద్ధం. అయితే హోల్‌సేల్‌లో కొన్నప్పుడు మనం ఆ పన్ను కడుతూనే ఉన్నాం, అది తిరిగి రాదు. 2,000 ప్లస్ పన్ను అని తెచ్చిన పార్టు మనకు పడింది 2,360. దానిని 2,300కు అమ్మి మూడు వందలు మిగిలాయని సంతోషించిన కుర్రాడిని నేను చూశాను.

"బియ్యంలో పెట్టి తెచ్చాం కదా, తక్కువకు చేయండి." నీళ్లు పడిన ల్యాప్‌టాప్‌ను, తడి పీలుస్తుందని రెండు రోజులు బియ్యం డబ్బాలో ఉంచితే ఈలోగా మదర్‌బోర్డు మీద తుప్పు మొదలవుతుంది. యూఎస్‌బీ పోర్టులోంచి గింజలు తీసే పని అదనం.

పెద్దాయన సంగతి చెప్పలేదు కదా. మెమరీ టెస్టు తెర చూపించి, ఏమేం చూశానో వరుసగా చెప్పాను. అంతా విని, "మదర్‌బోర్డు మార్పించి ఉంటే?" అన్నారు. నేనేమీ అనలేదు. నోట్ల మీది చెయ్యి తీశారు.

మొన్న ఒకావిడ పాత డెస్క్‌టాప్ ఆటోలో తెచ్చారు. పోయిన భర్త ఫొటోలు అందులోనే ఉన్నాయట. ప్లగ్గు పెట్టగానే లోపల హార్డ్ డిస్క్ టక్, టక్ అంది. వెంటనే తీసేశాను. ఆ శబ్దం వస్తే నా బల్ల మీద చేసే ప్రతి ప్రయత్నమూ ఆ ఫొటోలను ఇంకొంత చెరపవచ్చు. ఇంకెక్కడా ఆన్ చేయించవద్దని, ఎవరు తెరుస్తామన్నా ఇవ్వవద్దని, పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు బయటికి తీసే డేటా రికవరీ ల్యాబుకే పంపాలని చీటీ రాసిచ్చాను. ఆవిడ పర్సు తీశారు. స్క్రూ విప్పలేదు కదమ్మా, వద్దన్నాను.