చెరువులో బతుకమ్మ, సముద్రంలో రియాక్టర్

హన్మకొండ

సిరికి, చింటుకు,

సద్దుల నాడు పద్మాక్షి గుండంలో మీ అమ్మ వదిలిన బతుకమ్మ నాలుగు బారలు పోయి పక్కకు ఒరిగింది కదా. అప్పుడు చింటు అడిగాడు: "తాతా, రష్యాలో నీళ్ల మీద తేలే అణు కరెంటు కేంద్రం ఉందని సార్ చెప్పిండు. అది గిట్ల ఒరిగితే?" ఆ పాటల మోతలో జవాబు చెప్పలేకపోయాను.

ఉంది బిడ్డా. పేరు అకడమిక్ లొమొనోసోవ్. పొడవు 144 మీటర్లు, వెడల్పు 30. అందులోని రెండు రియాక్టర్లు (యురేనియంతో వేడి పుట్టించే పొయ్యిలు అనుకోండి) 2019 డిసెంబరు నుంచి పెవెక్ అనే మంచు ఊరికి కరెంటు ఇస్తున్నాయి.

బతుకమ్మ ఎందుకు ఒరిగింది? అడుగు ఇరుకు, ఎత్తు ఎక్కువ. తంగేడు, గునుగు ఒకవైపు ఒత్తుగా పేర్చారు (ఇది అమ్మతో అనకండి). బరువు కిందికి ఉండాలి, రెండు వైపులా సమంగా ఉండాలి. రియాక్టర్ మన గౌరమ్మ లాంటిదే, అంత జాగ్రత్తగా చూసుకోవాలి. కానీ గౌరమ్మను శిఖరాన పెడతాం, రియాక్టర్‌ను ఓడ లోపల కింద పెట్టాలి. ఇక్కడ పోలిక కుదరలేదు, పోనీ.

నా చిన్నప్పుడు జొన్న బెండుతో బెత్తెడు పడవ చేశాను. ఇంటి ముందు గోలెంలో దర్జాగా తేలింది. ఊరంతా చాటాను. మర్నాడు పిల్లలందరినీ వెంటేసుకుని మత్తడి దూకుతున్న చెరువుకు పోయాను. పడవ వదిలానో లేదో, పక్కన ఒక బర్రె నీళ్లలోకి దిగి పడుకుంది. అంతే, నా పడవ తలకిందులు! బెత్తెడు పడవకు బర్రె లేపిన అల తుఫానుతో సమానం. గోలెంలో తేలిందని చాటుకోవడమే నా తప్పు.

పడవ ఎంత చిన్నదైతే అలను అంత చిన్నది చేయాలని, వేగాన్ని, కాలాన్ని మాత్రం ఆ వంతుకు వర్గమూలం చొప్పున తగ్గించాలని ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు చూపించాడు. 1870లలో నమూనా ఓడలను లాగి చూడటానికి పొడవాటి నీటి తొట్టి కట్టించాడు. మన విశాఖపట్నంలోనూ అలాంటిది ఉంది.

ఆ రష్యా ఓడను నూరోవంతు చేశామనుకోండి. పొడవు 144 సెంటీమీటర్లు, దాదాపు సిరి ఎత్తు. బరువు మాత్రం నూరోవంతు కాదు, పది లక్షలో వంతు! 21,500 టన్నుల ఓడ 21 కిలోల చిల్లర అవుతుంది, పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా తక్కువ. పది మీటర్ల అల పది సెంటీమీటర్లు. పది సెకన్ల ఊపు ఒక్క సెకనులో అయిపోతుంది. అందుకే ఆ నమూనా ఊగే వీడియోను పది రెట్లు నెమ్మదిగా తిప్పి చూడాలి. ఒక్క చిక్కు: ఓడను, అలను చిన్నవి చేస్తాం గానీ నీటి జిగటను చేయలేం. దానికి సవరణ లెక్కలు వేరే.

ఓడ మునగకపోతే చాలదు. రియాక్టర్ ఆపిన క్షణంలో కూడా మొత్తం వేడిలో 6, 7 శాతం మిగిలే ఉంటుంది, పొయ్యి ఆర్పినా నిప్పులు ఉన్నట్టు. ఆ వేడిని లాగేసే నీళ్లను తిప్పే పంపులు ఆగితే వేడినీళ్లు తమంతట తామే పైకి, చన్నీళ్లు కిందికి తిరగాలి. ఓడ ఒరిగితే పైన ఏది, కింద ఏది? అందుకే యురేనియం బదులు కరెంటు హీటర్లు పెట్టిన గొట్టాలను ఊగే బల్లల మీద బిగించి చూస్తారు. తలుచుకుంటే నాకే ఆశ్చర్యం, ఓడ ఊగుతుంటే లోపల నీళ్లకు తమ దారి తెలియాలి.

ఇక చెప్పలేను, మీరే చూడండి. టబ్బులో స్టీలు డబ్బా తేలనివ్వండి. అడుగున రాయి పెట్టి ఒరిపి వదలండి, పది ఊపులకు ఎన్ని సెకన్లో రాయండి. తర్వాత అదే రాయి మూత మీద పెట్టండి. తువ్వాలు దగ్గర ఉంచుకోండి.

మీ తాత