పైరంగు గీకితే రాజు బయటపడడు: పాత టావెర్న్ బోర్డులపై అపోహలు - వాస్తవాలు

అమెరికా విప్లవకాలపు టావెర్న్ (మద్యం, భోజనం, బస దొరికే సత్రం) బోర్డుల సంరక్షణ నా వృత్తి. తాతల నాటి బోర్డు ఒకటి ఇంట్లో ఉందంటూ వచ్చేవారిలో చాలామంది అడిగేది ఒక్కటే: విప్లవ సేనాని జార్జి వాషింగ్టన్ బొమ్మను గీకితే కింద బ్రిటన్ రాజు మూడో జార్జి కనిపిస్తాడా?

రాజు బొమ్మల మీదే వాషింగ్టన్‌ను వేశారన్న ఈ నమ్మకమే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. దీనికి బలం చరిత్ర నుంచి కాక, 1819లో రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన ‘రిప్ వాన్ వింకిల్’ కథ నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి నిద్రపోయి లేచిన రిప్‌కు టావెర్న్ బోర్డు మీద రాజుగారి ముఖం అలాగే ఉన్నా, ఎర్రకోటు నీలంగా, చేతిలోని రాజదండం కత్తిగా మారి, కింద ‘జనరల్ వాషింగ్టన్’ అన్న పేరు కనిపిస్తుంది. అటువంటి మార్పు అసలే జరగలేదని నేననను; కానీ 1776 జూలైలో బోస్టన్‌లో స్వాతంత్ర్య ప్రకటన చదివాక రాజచిహ్నాలను దించి కింగ్ వీధిలో తగలబెట్టారని అబిగెయిల్ ఆడమ్స్ తన భర్త, విప్లవ నాయకుడు జాన్ ఆడమ్స్‌కు రాసిన ఉత్తరమే చెబుతోంది. కాలి బూడిదైన రాజును మీ బోర్డు కింద వెతకడం వృథా.

పైపొర కింద సాధారణంగా దొరికేది పాత యజమాని పేరో, పాత సంవత్సరమో మాత్రమే, ఎందుకంటే టావెర్న్ చేతులు మారినప్పుడు కొత్తాయన కొత్త బోర్డు చేయించకుండా ఉన్నదానిపైనే రంగు వేయించేవాడు. ఒక పెద్దాయన తెచ్చిన బోర్డుకు ఒక మూల అరచేయంత మేర బ్లేడుతో గీకిన గాయం ఉంది. అక్కడ రాజూ లేడు, అక్షరమూ లేదు, ఉత్త పైన్ చెక్క తేలింది. మిగిలిన భాగాన్ని చీకటి గదిలో పెట్టి పక్క నుంచి ఏటవాలుగా దీపం వేయగానే ఒక పాత పేరు ఉబ్బెత్తుగా నిలిచింది. రంగు మందంగా ఉన్నచోట చెక్క ఎండవానలకు అరగదు గనుక, అక్షరాలు మాసిపోయినా వాటి ఆకారం మిగులుతుంది. సీసపు తెలుపు (సీసంతో చేసిన పాతకాలపు తెల్లరంగు) ఎక్స్‌రేను అడ్డుకుంటుంది కాబట్టి, ఆ రంగుతో వేసిన అడుగు బొమ్మను కూడా గీకకుండానే చూడవచ్చు.

సీసం మాట వినగానే ఇంట్లో పసిపిల్లలున్నవారు కంగారుపడటం సహజమే. ప్రమాదం రాలే పెచ్చుల్లోనూ, గీకినప్పుడు లేచే ధూళిలోనూ ఉంది. పిల్లలకు అందకుండా ఉంచి, గరుకు కాగితంతో రుద్దకుండా మాకు చూపించండి, భయపడి పారేయకండి.

బ్రిటిష్ బొమ్మలన్నీ నాశనమయ్యాయన్నదీ నిజం కాదు. విప్లవంలో బంకర్ హిల్ యుద్ధంలో బ్రిటిష్ సేనతో పోరాడిన అమెరికన్ సేనాని ఇజ్రాయెల్ పుట్నమ్ నడిపిన టావెర్న్ బోర్డు మీద ఉన్నది బ్రిటిష్ సేనాని జనరల్ వుల్ఫ్. అది నేటికీ కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో భద్రంగా ఉంది. ఫ్రెంచివారి మీద జరిగిన పాత యుద్ధంలో వుల్ఫ్ అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్న ఈ అమెరికా వలసరాజ్యాలవారికీ వీరుడే.

చదువురాని వారికోసమే బొమ్మలు వేశారన్నది సగం మాట, అనేక బోర్డుల మీద పేరూ సంవత్సరమూ రాసి ఉన్నాయి. ఆ సంవత్సరం బోర్డు గీసినదేనని అనుకోకూడదు: డేగ ఉన్న జాతీయముద్రను అమెరికా కాంగ్రెస్ ఆమోదించింది 1782 జూన్ 20న కాబట్టి, ఆ ముద్ర పక్కన 1776 అని ఉంటే అది వ్యాపారం మొదలైన ఏడైనా కావచ్చు, బొమ్మ తర్వాత వేసినదైనా కావచ్చు, అంతమాత్రాన నకిలీ అనడానికి లేదు.