గుట్టు దాచగలిగేవి, దాచలేనివి

పిల్లలూ,

మొన్న చిన్నది ఫోన్లో అడిగింది: "తాతయ్యా, గేమ్‌లో గూగుల్‌తో సైన్ ఇన్ అని నొక్కాను, అన్నయ్యేమో అది పబ్లిక్ క్లయింట్ అంటున్నాడు, అంటే నా అకౌంట్ అందరికీ కనిపిస్తుందా?" కనిపించదు తల్లీ, టెన్షన్ పడకు. పాస్‌వర్డ్ నువ్వు గూగుల్ పేజీలోనే కొడతావు, అది గేమ్ చేతికి వెళ్లదు. గేమ్‌కి దక్కేది టోకెన్ అనే అనుమతి చీటీ మాత్రమే. ఈ పద్ధతిని ఓఆథ్ అంటారు. 2012 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6749లో (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం), మన తరఫున అనుమతి అడిగే యాప్‌కి క్లయింట్ అని పేరు పెట్టి, కాన్ఫిడెన్షియల్, పబ్లిక్ అని రెండు రకాలు చేశారు.

నా చిన్నప్పుడు పూర్ణా మార్కెట్లో నాన్నకి హోల్‌సేల్ కొట్టు ఉండేది. సెలవులొస్తే గల్లాపెట్టె పక్కన నేనే, బెల్లం వాసన, చెవిలో పెన్సిలు పెట్టుకున్న గుమస్తా, బస్తాల మీద పిల్లి. సొంత కొట్టున్న వ్యాపారులకి, సరుకు తీసుకునేటప్పుడు చెప్పడానికి, నాన్న ఒక గుర్తుమాట ఇచ్చేవాడు, వాళ్లు ఇనప్పెట్టెలో దాచుకునేవాళ్లు. బీచ్‌లో మురీ మిక్చర్ బండివాళ్లకి మాత్రం ఇచ్చేవాడు కాదు. వాళ్లు దొంగలని కాదు, తోపుడుబండికి తాళం ఎక్కడుంటుంది? రాత్రి ఎవడైనా తిరగేసి చూసుకోవచ్చు. మనిషి మంచివాడా కాదా అనేది వేరే సంగతి, దాచుకునే చోటు ఉందా లేదా అనేది వేరే సంగతి. ఈ రెండూ కలిపేసి ఎవర్నీ చిన్నచూపు చూడకండి.

ఫోన్లో గేమ్ అలాంటి బండే, అందుకే దాన్ని పబ్లిక్ అన్నారు. ఒకటే గేమ్ లక్షల ఫోన్లలోకి దిగుతుంది, అందులో పెట్టిన రహస్యాన్ని తెలిసినవాడు విప్పి చదివేస్తాడు. సర్వర్లో, అంటే కంపెనీ చేతిలోనే ఉండే కంప్యూటర్లో, నడిచే వెబ్‌సైటుకి ఇనప్పెట్టె ఉంది, అది కాన్ఫిడెన్షియల్.

మరి బండివాళ్లకి సరుకెలా? పొద్దున్న ఆర్డరిచ్చేటప్పుడు ఒక కాగితాన్ని వంకరటింకరగా చింపి సగం నాన్నకిచ్చి, సాయంత్రం మిగతా సగం తెచ్చి అంచులు కలిపి చూపించాలి. మధ్యలో వేరేవాడొచ్చి "ఆ బస్తా నాదే" అంటే కుదరదు, రేపటికి మళ్లీ కొత్త కాగితం. 2015లో ఆర్ఎఫ్‌సీ 7636గా వచ్చిన పీకేసీఈ చేసేది ఇదే, దాన్ని పిక్సీ అని పలుకుతారు. చింపిన అంచు బదులు అక్కడ లెక్క ఉంటుంది, ముందిచ్చిన సగాన్ని చూసి రెండో సగాన్ని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అదెలాగో పెద్ద క్లాసుల్లో చదువుకుంటారు గానీ, అలాంటి లెక్క ఒకటి ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా బాధల్లా ఆ పేర్లతోనే. పబ్లిక్ అంటే చిన్నదానిలాగే పెద్దవాళ్లూ అందరికీ తెరిచి పెట్టిందనుకుంటారు. కాన్ఫిడెన్షియల్ అంటే గొప్పదనుకుని, కొందరు యాప్ లోపలే రహస్యం కుక్కి ఇక భద్రమే అనుకుంటారు. ఓఆథ్ కొత్త రూపమైన 2.1 చిత్తుప్రతుల్లో కొన్నాళ్లు క్రెడెన్షియల్డ్ (రహస్యం చేతిలో ఉన్నా, అది ఎవరిదో ముందుగా రుజువు కానిది) అని మూడో రకం కూడా పెట్టి, తర్వాత తీసేశారు. తీసేయడమే మంచిదైంది. గుట్టు దాచగలదా లేదా అన్నదొక్కటీ పేరు వినగానే తెలియాలి, అంతకన్నా అక్కర్లేదు.

ఈ ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని గూగుల్ అకౌంట్ సెట్టింగులు తెరవండి. ఏయే యాప్‌లకి అనుమతి ఇచ్చారో అక్కడ ఒక జాబితా ఉంటుంది. ఒక్కోదాని మీదా నొక్కి అది ఏమేం చూడగలదో చదవండి, ఆడటం మానేసిన గేమ్‌లు కనిపిస్తే అనుమతి తీసేయండి.

మీ తాతయ్య,
విశాఖపట్నం