వాగు పోసిన బీచ్

స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో, వాయవ్య తీరం వెంట ట్రముంటానా కొండలు గోడ కట్టినట్టు ఉంటాయి. వాటిని దాటి సా కలోబ్రా తీరానికి దిగే ఘాట్ రోడ్డు ఒకచోట గుండ్రంగా తిరిగొచ్చి తన కిందుగా తానే దూరిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని 'టై ముడి' అంటారు. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు సోయెర్ రేవు నుంచి పడవలో వస్తారు. దిగాక కొండలో తొలిచిన సొరంగంలోంచి నడిచి బయటపడితే ఎదురుగా రెండు నిలువు కొండగోడలు, వాటి మధ్య చీలికంత సముద్రం. కాలి కింద ఇసుక కాదు, తెల్లటి గులకరాళ్లు. చెప్పులు తీసి పది అడుగులు వేసినవాళ్లు మళ్లీ తొడుక్కుంటారు.

ఇసుక ఎందుకు లేదు? సముద్రం వైపు చూస్తే జవాబు దొరకదు, వెనక్కి తిరగాలి. కొండగోడల మధ్య మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఇరుకు లోయ ఉంది. పేరు టొరెంట్ దె పరేయిస్. 'టొరెంట్' అంటే అచ్చంగా మన వాగు. వానొస్తే ఉరుకుతుంది, లేకపోతే రాళ్లే. వేసవిలో వచ్చేవాళ్లకు ఆ వాగు కనిపించదు. కానీ వాళ్లు కూర్చున్న బీచ్‌కు రాళ్లు మోసుకొచ్చింది అదే.

ఈ కొండలు ఎక్కువగా సున్నపురాయి, జురాసిక్ కాలపు సముద్రాల అడుగున పేరుకున్నది. తర్వాత ఆఫ్రికా, ఐరోపా భూఫలకాలు ఒత్తుకోవడంతో ముడతలు పడి పైకి లేచింది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. మన బెలుం గుహలను తొలిచిన రసాయనమూ ఇదే. ఇక్కడ దానికి తోడు నిలువు వాలు. 1,400 మీటర్లు దాటిన శిఖరం సముద్రానికి కూతవేటు దూరంలోనే ఉంది. పైనుంచి వచ్చే నీటికి ఆగే తీరిక లేదు, లోయ లోతుకు కోసుకుపోతుంది.

గోదావరి ఇసుకలో ఎక్కువ పాలు క్వార్ట్జ్ రేణువులు. దూరప్రాంతాల రాళ్లు అరిగినా, ఆ గట్టి రేణువులు మాత్రం మిగిలి నదితో వస్తాయి. సున్నపురాయిలో అలా మిగిలేది పెద్దగా లేదు, కరిగి నీళ్లలో కలిసిపోతుంది. పైగా ఇంత పొట్టి వాగులో రాయి నలిగి పొడయ్యేంత ప్రయాణం కూడా లేదు. కోణాలు అరిగి గుండ్రమయ్యేసరికే సముద్రం వచ్చేస్తుంది. ఆ ద్వీపంలో ఇసుక బీచ్‌లు లేవని కాదు. వాటి ఇసుకలో చాలాభాగం సముద్రజీవుల గుల్లల పొడి.

మరి ఈ చిన్న ఆఖాతం ఎలా వచ్చింది? సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. వాగులు అప్పుడు ఇంకా కిందిదాకా పారేవి. మంచు కరిగి నీరు పైకొచ్చాక లోయల చివరలు మునిగిపోయాయి. 'కాలా' అని పిలిచే ఇలాంటి మూలలు చాలావరకు అలా మునిగిన లోయలే. మధ్యధరాలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ, అందుకే రోజంతా నీటి అంచు దాదాపు ఒకేచోట ఉంటుంది.

బీచ్ రూపం మార్చేవి తుపాను అలలు. అవి గులకరాళ్లను ఒడ్డుకు నెట్టి గట్టు కడతాయి, వాగు నోరు మూసుకుపోయి వెనక నీళ్లు నిలుస్తాయి. మన జాలర్లు 'మొగ పూడింది' అనేది ఇలాంటి దాన్నే. శరదృతువులో, వేసవంతా వేడెక్కిన సముద్రం మీదికి పైనుంచి చల్లగాలి వచ్చి కుంభవృష్టి పడితే వాగు ఆ గట్టును తెంపుకుని పోతుంది. పైన కొండల్లో వాన పడుతుంటే, కింద ఆకాశం ఎంత నీలంగా ఉన్నా లోయలోకి వెళ్లకూడదు.

వరద తగ్గాక ఈ కొండల ఇరుకు లోయల గుంటల్లో నీళ్లు మిగులుతాయి. అక్కడే ఫెర్రెరెట్ అనే బుల్లి కప్ప బతుకుతుంది. 1977లో శిలాజాలను చూసి ఈ జాతికి పేరు పెట్టినప్పుడు అది ఎప్పుడో అంతరించిందనుకున్నారు. కొన్నేళ్లకే బతికున్నవి దొరికాయి. మగకప్ప గుడ్ల దండను వెనక కాళ్లకు చుట్టుకుని మోస్తుంది. దాని కూత కమ్మరి దాగలి మీద సుత్తి దెబ్బలా వినిపిస్తుందట, అందుకే 'చిన్న కమ్మరి' అని అర్థమొచ్చే ఆ పేరు. సెల్ఫీల హడావుడిలో ఆ చప్పుడు ఎవరి చెవినా పడదు. అదీ ఒకందుకు మంచిదేనేమో, గుంటలో చేతులు పెట్టి వెతికేవాళ్లు తగ్గుతారు.