చెట్టు మందుకు మోతాదు ఎలా వచ్చింది

"సహజమైనదే కదా, ఏం కాదులే" అనే మాట ఆరోగ్యం గురించి నలుగురు మాట్లాడుకునే ప్రతిచోటా వినిపిస్తుంది. నిద్ర పట్టకపోతే ఒక ఆకు, కీళ్లు నొప్పెడితే ఒక వేరు, బరువు తగ్గాలంటే ఒక పొడి. దానికి ఎదురు నిలిచి, డాక్టరు రాసిందే మందు, మిగతాదంతా నమ్మకం అనేవాళ్లూ ఉంటారు. ఈ రెండు పక్షాల మధ్య గోడ అనాదిగా ఉన్నట్టు వాదించుకుంటాం. నిజానికి అది లేచింది నిన్నగాక మొన్న, పందొమ్మిదో శతాబ్దంలో. అంతకు ముందు మందంటే చాలావరకు చెట్టూ చేమా, నీళ్లూ, పథ్యమే. ఎంత ఇచ్చాం, ఎవరికిచ్చాం, ఇచ్చాక ఏమైంది అని రాసిపెట్టుకున్నవాళ్లు కొందరు, పెట్టుకోనివాళ్లు కొందరు. అసలు తేడా అక్కడుంది.

1763లో ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్ నుంచి ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. అంతకు ఆరేళ్ల కిందట ఆయన విల్లో చెట్టు బెరడు కొరికి చూశాడు. నాలుక ముడుచుకుపోయేంత చేదు. ఆ చేదు సింకోనా బెరడును గుర్తు చేసింది. చలిజ్వరానికి అప్పట్లో పేరున్న మందు సింకోనాయే, కానీ అది దక్షిణ అమెరికా నుంచి రావాలి, ఖరీదూ ఎక్కువే. చలిజ్వరాలు చిత్తడి నేలల్లో వస్తాయి, విల్లో పెరిగేదీ అక్కడే, జబ్బున్న చోటే దేవుడు మందూ పెట్టి ఉంటాడని ఆయన అనుకున్నాడు. ఆ తర్కం తప్పు. ఆ తర్వాత చేసిన పని మాత్రం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. బెరడు సంచిలో వేసి, రొట్టెలు కాల్చే బట్టీ బయట మూడు నెలలకు పైగా ఎండబెట్టాడు. దంచి జల్లించాడు. మొదట చాలా కొద్దిగా, నాలుగు గంటలకోసారి ఇస్తూ, ఏమవుతుందో చూసుకుంటూ మోతాదు పెంచాడు. అలా సుమారు యాభై మందికి ఇచ్చాడు. కొన్ని మొండి జ్వరాలకు విల్లో ఒక్కటే చాలలేదని, అందులో ఐదో వంతు సింకోనా కలపాల్సి వచ్చిందని దాచకుండా రాశాడు.

ఆ చేదులోంచి 1828లో మ్యూనిక్‌లో యోహాన్ బుఖ్‌నర్ సాలిసిన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. దాన్నుంచి వచ్చిన సాలిసిలిక్ ఆమ్లం జ్వరాన్నీ కీళ్లనొప్పినీ తగ్గించింది గానీ కడుపును మండించేది. 1897లో బేయర్ కంపెనీలో దాన్ని కాస్త మార్చారు, 1899లో ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి పెట్టారు. అది ఎలా పనిచేస్తుందో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త తేల్చేసరికి 1971 వచ్చింది. బెరడులో సత్తువ చెట్టును బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతుంది. బిళ్లలో మారదు. రసాయన శాస్త్రం ఇక్కడ తెచ్చిపెట్టిన పెద్ద లాభం ఇదే.

ఆ నిలకడ ఎంత ముఖ్యమో ఫాక్స్‌గ్లోవ్ మొక్క కథలో ఇంకా బాగా తెలుస్తుంది. ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బే జబ్బుకు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ రహస్యంగా మందిచ్చేదని, డాక్టర్లు చేతులెత్తేసినవాళ్లు కూడా దానితో కోలుకునేవారని 1775లో విలియం వితరింగ్ అనే వైద్యుడికి తెలిసింది. ఆ మందులో ఇరవై రకాలకు పైగా మూలికలున్నాయి. పనిచేసేది ఫాక్స్‌గ్లోవేనని ఆయన పసిగట్టాడు. పదేళ్ల పాటు వాడి, 1785లో 163 మంది రోగుల వివరాలతో పుస్తకం వేశాడు. బాగైనవాళ్లతో పాటు బాగుకానివాళ్లనూ చేర్చాడు. మోతాదు కాస్త మించితే వాంతులు, కళ్లకు అన్నీ పచ్చగానో పసుపుగానో కనిపించడం, నాడి మందగించడం, చివరికి ప్రాణం పోవడం. గుండెను నిలబెట్టే మోతాదుకూ ఆపేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అదంతా ఒకే ఆకులో ఉంది, ఆ ఆకు పూర్తిగా సహజం. జ్ఞానం ఆ ముసలావిడది, ఆమె పేరు మాత్రం వితరింగ్ రాయలేదు. ఇలాంటి కథల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి ఇది.

ఇక గోడ సంగతి. ఆ రోజుల్లో పేరున్న డాక్టర్లు నెత్తురు తీసేవారు, పాదరసం మింగించేవారు. వాటివల్ల నష్టపోయినవాళ్లకు చన్నీళ్ల వైద్యం వరంలా కనబడింది. 1820ల నుంచి, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న గ్రెఫెన్‌బర్గ్ అనే కొండ పల్లెలో విన్సెంట్ ప్రీస్‌నిట్జ్ అనే రైతు తడిగుడ్డలతో, చల్లటి స్నానాలతో, ఒంటి కష్టంతో వైద్యం చేస్తుంటే జనం దూరదూరాల నుంచి వచ్చారు. తర్వాత జర్మనీలో సెబాస్టియన్ క్నైప్ అనే మతగురువు దానికి మూలికలూ మితాహారమూ కలిపాడు. వీళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లను అమాయకులని తీసిపారేయలేం. పాదరసంతో పోలిస్తే నడకా, నీళ్లూ, సాదా తిండీ కచ్చితంగా మేలు. ఆ పద్ధతులను బెనెడిక్ట్ లస్ట్ అమెరికాకు తీసుకెళ్లి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నేచురోపతీ పేరుతో ప్రచారం చేశాడు. అప్పటికి సహజం అన్న మాట ఒక జెండా అయిపోయింది. టీకాలనూ వద్దన్నారు. నెత్తురు తీయడాన్ని ఎదిరించిన వివేకం అక్కడ దారి తప్పింది.

ఆ జెండా కిందే ఉన్న నడకకు మాత్రం తర్వాత గట్టి రుజువు దొరికింది, అది కూడా ఒక బస్సులో. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే రకం బతుకు. డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో జెరీ మోరిస్ అనే పరిశోధకుడి బృందం చూపింది. మోరిస్ అంతటితో ఊరుకోలేదు. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేటప్పటికే లావుగా ఉండేవారేమో అన్న అనుమానంతో యూనిఫారం కొలతల రికార్డులు తిరగేశాడు. నడుం కొలతలు నిజంగానే డ్రైవర్లవి ఎక్కువగా ఉన్నాయి. అంటే తేడా మొత్తం మెట్ల పుణ్యమే కాదు. అది దాచకుండా 1956లో ప్రచురించాడు. నడక మంచిదన్న మాట ఆ తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాల్లోనూ నిలబడింది. రోజుకు పదివేల అడుగులన్న లెక్క మాత్రం ఏ అధ్యయనం నుంచీ పుట్టలేదు. 1960లలో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరే అది. సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది మహిళల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాలు 2,700 వేసేవాళ్ల కంటే స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గర ఆ లాభం పెరగడం ఆగిపోయింది.

చెట్టు మందుకు ఇరవయ్యో శతాబ్దంలో దక్కిన పెద్ద విజయం మలేరియా మీద. 1967 మే 23న చైనా ప్రభుత్వం ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. అందులో థూ యౌయౌ అనే శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాల్లోని మూలికలను వరసగా పరీక్షిస్తూ చింగ్‌హావ్ అనే మొక్క దగ్గర ఆగింది. ఒకసారి పనిచేస్తోంది, మరోసారి చేయడం లేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గ హుంగ్ రాసింది ఆమె మళ్లీ చదివింది: గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి. అందులో కాచమని లేదు. వేడికి మందు చెడుతోందని ఆమెకు తట్టింది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది దాన్ని ముందుగా తానూ, సహచరులూ మింగి చూశాకే రోగులకు ఇచ్చారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అయినా ఆ ఆకును టీగా కాచుకు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించదు. కప్పులో మందెంతో తెలియదు. చాలీచాలని మోతాదు జబ్బును తగ్గించదు, పైగా పరాన్నజీవిని మొండికెత్తిస్తుంది.

మోతాదు సంగతి అలా ఉంచి, కనీసం సీసాలో ఉన్నది ఏ మొక్కో తెలియాలి కదా. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మాత్రలు వాడిన మహిళలకు ఉన్నట్టుండి కిడ్నీలు చెడిపోవడం మొదలైంది. చైనా భాషలో పేర్లు దగ్గరగా ఉండటంతో ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది. 1993లో వైద్యులు ఈ విషయం బయటపెట్టారు. బాధితులు సుమారు వందమంది, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అమెరికాలో 1994 నాటి చట్టం మూలికా ఉత్పత్తులను ఆహార సప్లిమెంట్ల లెక్కలో వేసింది. పనిచేస్తుందని ముందుగా రుజువు చూపకుండానే అమ్ముకోవచ్చు. ఎఫెడ్రా అనే మూలిక వల్ల గుండెపోట్లు, మరణాలు నమోదయ్యాక 2004లో దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక సంగతి వేరు. అది కల్తీ కాదు, ఒట్టి నమ్మకమూ కాదు. ఓ మోస్తరు దిగులుకు పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. అయితే అది కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, హెచ్ఐవి మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు రక్తంలో ఉండాల్సినదానికంటే తగ్గిపోతాయి. గుండె మార్పిడి జరిగిన ఇద్దరికి ఈ మూలిక మొదలుపెట్టిన కొద్ది వారాలకే కొత్త గుండెను శరీరం తిప్పికొట్టడం మొదలైందని 2000లో జ్యూరిక్ వైద్యులు రాశారు. ఏ మందులు వాడుతున్నారు అని డాక్టరు అడిగినప్పుడు ఇలాంటివి చాలామంది చెప్పరు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది మందే కాదు. అందుకే ఆకులు, పొడులు, కషాయాలు ఏమైనా తీసుకుంటున్నారా అని డాక్టర్లు విడిగా అడగాలి. అడగకపోతే మనమే ఆ సీసాను తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టాలి.